పక్కన పరచని గౌను

లండన్
6 మార్చి 1978

లవ్‌డే అత్తయ్యా,

ముందు నీ మోకాలు ఎలా ఉందో అడగాలి, ఆ తర్వాత నా పని చెప్పుకోవాలి. కానీ మోకాలు అడగ్గానే "దీనికేదో కావాల్సొచ్చింది" అని ఎలాగూ కనిపెట్టేస్తావు. అందుకే ఒప్పేసుకుంటున్నాను, ఒకటి కావాలి. మోకాలు ఎలా ఉంది?

నాకు టీవీలో పని దొరికింది. ఆదివారం ఆదివారం వచ్చే పదమూడు వారాల నాటకం, పేరు "రోసమండ్". అవును, మన రోసమండే. పోల్‌వెన్నా కొండ మీది పెద్దింట్లో పుట్టి, థేన్ అనే డబ్బున్న ముసలాయన్ని చేసుకుని, లండన్ మగాళ్ళందర్నీ వెంట తిప్పుకున్న థేన్ దొరసాని. విక్టోరియా రాణి కాలంలో ఆమె ఫొటోలు దుకాణాల్లో మిఠాయిల్లా అమ్ముడుపోయేవట. నేను దుస్తుల విభాగంలో రెండోదాన్ని. ఆ కాలపు గౌన్లు కుట్టడం, తొడగడం, చిరిగితే అతకడం నా పని.

పేరు గొప్ప, ఊరు దిబ్బ. లేసంతా నైలాను. పట్టు గౌన్లు ఉతకడానికి వీల్లేదు కాబట్టి చంకల దగ్గర వోడ్కా చిలకరించి ఆరేస్తాం. పొద్దున్నే ఆ గదిలోకి అడుగు పెడితే, రాత్రి తాగి పడుకున్నవాళ్ళ మధ్య నుంచి నడిచినట్టే ఉంటుంది. దొరసాని వేషం వేసే వెనీషియా క్రేల్ గౌను మీద సిగరెట్ నుసి రాల్చుకుని, "ఏం పర్లేదులే, కెమెరాకి కనబడదు" అంటుంది. నిర్మాత డెస్మండ్ ఫారంట్ రోజూ వచ్చి మెడ దగ్గర వేలు పెట్టి "ఇంకో అంగుళం కిందికి" అంటాడు.

సంగతేమిటంటే, ఆ కాలపు అసలు గౌను ఒక్కటైనా కళ్ళారా చూస్తే గానీ సరిగ్గా కుట్టలేను. నీ మంచం కింద నల్ల రేకు పెట్టెలో ఒక మూట ఉండేది. నాకు ఏడేళ్ళప్పుడు దాని మూలనుంచి ఆకుపచ్చ పట్టు తొంగిచూస్తుంటే వేలితో ముట్టుకున్నాను, నువ్వు చెంప పగలగొట్టావు. అది నాయనమ్మకి దొరసాని ఇచ్చిన గౌనని నాన్న చెప్పాడు. ఒక్క నెల ఇస్తావా?

చెంప ఇప్పుడు మానింది,
టామ్సిన్


పోల్‌వెన్నా
11 మార్చి 1978

అమ్మాయ్ టామ్సిన్,

మోకాలు దేవుడి చేతిలో ఉంది. డాక్టరు చేతిలో మాత్రం లేదు, ఆయన పిచ్చుకల ఫొటోలు తీసుకోవడంలో మునిగి ఉన్నాడు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివి చేతులు కడుక్కున్నాను. మన ఇంట నాలుగు తరాలుగా సారా చుక్క గడప దాటి రాలేదు, నువ్వేమో చంకలకి చల్లుతున్నావు. మీ నాన్న ఉంటే ఏమనేవాడో. అయినా వాడు ఎప్పుడూ ఏమీ అనేవాడు కాదు, అదే వాడితో వచ్చిన చిక్కు.

ఆ ఆడదాని మీద నాటకమా? దేశంలో మంచి ఆడవాళ్ళు కరువయ్యారా? తుఫానులో మునిగిన పడవ నుంచి పదకొండు మందిని లాగిన మేరీ హాకింగ్ ఈ ఊరిదే, ఆవిడ మీద ఎవడూ నాటకం తీయడు. పెళ్ళైన మగాళ్ళతో తిరిగినదాన్ని మాత్రం రంగుల్లో చూపిస్తారు, అదీ ఆదివారం పూట, ప్రార్థన మందిరం నుంచి ఇంటికొచ్చిన జనానికి. తూ.

గౌను పంపుతున్నాను. నాన్సీ పాస్కో కారులో స్టేషన్‌కి తీసుకెళ్ళి పార్సిల్ వేసింది. నేను మూట విప్పలేదు. మా అమ్మ కట్టిన ముడి 1939లో ఆమె పోయిననాడు ఎలా ఉందో ఇప్పటికీ అలాగే ఉంది. ఆ పెట్టె ఊడ్చేటప్పుడల్లా చీపురుతో పక్కకి నెట్టానే గానీ చేత్తో తాకలేదు. నీకు కావాలంటే ఉంచుకో, కోసుకో, మీ సారాలో ముంచుకో. తిరిగి మాత్రం పంపకు. ఎందుకని అడక్కు.

కుంకుమపువ్వు బన్నులు నాలుగు పెట్టాను. గౌను తగలకుండా వేరే కాగితంలో చుట్టాను, ధైర్యంగా తిను.

మీ అత్త
లవ్‌డే


లండన్
2 ఏప్రిల్ 1978

అత్తయ్యా,

బన్నులు రెండు రోజుల్లో అయిపోయాయి. గౌను మాత్రం చూసినకొద్దీ తనివి తీరడం లేదు. లేత ఆకుపచ్చ పట్టు, ఛాతీ మీద తెల్ల లిల్లీ పూల పనితనం, నడుం పంతొమ్మిది అంగుళాలు. ఎవరి పాపిష్టి ఒంటి మీదైనా ఉండనీ, కుట్టిన చేతికి దణ్ణం పెట్టాను. ఫారంట్ చూసి "దీన్నే నకలు తీయండి" అన్నాడు. అసలుది ఎవరికీ తొడగం, భయపడకు.

ఇక్కడి రోత రోజుకింత పెరుగుతోంది. నిన్న వెనీషియా గుర్రపు బండి మీద కూర్చుని చేపా చిప్స్ తింది, ఆ నూనె చేతులు నేను పదకొండు రోజులు కుట్టిన తెల్ల గౌనుకి తుడుచుకుంది. నేను చూస్తుంటే కన్ను కొట్టింది. "దొరసానులు చేతులు దేనికి తుడుచుకునేవారు మరి?" అని నన్నే అడిగింది.

నీకొక సంతోషకరమైన సంగతి. ఆరో భాగానికి పాత్రల జాబితా వచ్చింది. అందులో దొరసాని పరిచారిక పేరు ఏమనుకున్నావు? కెజయా. అంటే మన నాయనమ్మేగా. నాయనమ్మ టీవీలో రాబోతోంది అత్తయ్యా, ఊళ్ళో అందరికీ చెప్పు. ఆమె పాత్రకి కూడా ఈ ఆకుపచ్చ గౌను నకలు ఒకటి కుట్టమన్నారు, ఎందుకో నాకింకా తెలియదు. కథ కాగితాలు మా దాకా రాలేదు. నేను పుట్టకముందే పోయిందిగా, నాయనమ్మ గురించి ఏమైనా రాయి. ఆమె ఎలా నడిచేది, తల ఎలా దువ్వుకునేది, ఏదైనా సరే.

ఆశతో,
టామ్సిన్


పోల్‌వెన్నా
7 ఏప్రిల్ 1978

టామ్సిన్,

ఇంత ఘనకార్యం చేసి, ఊళ్ళో అందరికీ చెప్పమని నాకే రాస్తావా? తగుదునమ్మా అని తల దువ్వుకునే తీరు కూడా అడుగుతావా?

నువ్వే చెప్పి ఉంటావు వాళ్ళకి. "మా నాయనమ్మే ఆ పరిచారిక" అని గొప్ప పోయి, కొలువులో పైమెట్టు ఎక్కి ఉంటావు. లేకపోతే తొంభై మూడేళ్ళ కిందటి పేరు వాళ్ళకెలా తెలుస్తుంది? ఆ పేరు ఈ ఊరు మరిచిపోవడానికి నా బతుకంతా పట్టింది. పెళ్ళి కూడా చేసుకోకుండా, వంక పెట్టడానికి ఒక్క సందు లేకుండా బతికాను. ఇప్పుడు నువ్వు రంగుల్లో చూపించు.

నీకు తెలియదంటావేమో. మీ నాన్న నోరు విప్పి ఉండడు కాబట్టి నేనే చెబుతాను, ఒక్కసారే చెబుతాను. థేన్ దొర విడాకులు కావాలని కోర్టుకెక్కాడు. దొరసాని ఆకుపచ్చ గౌను వేసుకుని, ముఖం కనబడకుండా సన్నని వల ముసుగుతో, సముద్రం ఒడ్డున ఒక హోటల్లో ఎవరో ప్రభువు గదిలోకి వెళ్ళిందని నౌకర్లు సాక్ష్యం చెప్పారు. అప్పుడు మా అమ్మ లేచి బైబిల్ మీద చెయ్యేసి, "ఆ గౌను దొరసాని నాకిచ్చేశారు. ఆ సాయంత్రం అది వేసుకుని వెళ్ళింది నేను" అంది. దొరసానులు వాడి వదిలేసిన బట్టలు పరిచారికకి చెందడం అందరికీ తెలిసిన రివాజు కాబట్టి జడ్జి నమ్మాడు. 1885 జులై ఏడున కేసు కొట్టేశారు. దొరసాని మర్నాడు గుర్రపు పందేలకి వెళ్ళింది. మా అమ్మని వారంలో వెళ్ళగొట్టారు. ఇరవై ఒక్క ఏళ్ళ పిల్ల, పత్రికల్లో పేరు పడి, ఆ గౌను మూట పట్టుకుని ఇక్కడికి నడిచొచ్చింది.

మా తాత పెద్దింట్లో తోటమాలి. నలభై ఏళ్ళు నీతిగా పనిచేశాడని ఈ ఇల్లు తరతరాలకి రాసిచ్చారు. అలాంటివాడి కడుపున ఇలాంటిది. మా నాన్న జాలిపడి ఏడేళ్ళ తర్వాత చేసుకున్నాడు. బళ్ళో పిల్లలు నన్ను చూసి పచ్చగడ్డి పరకలు నా మీదికి విసిరేవాళ్ళు, పచ్చ గౌను అని. ఇంటికొచ్చి ఏడిస్తే మా అమ్మ ఏమీ చెప్పేది కాదు. "అబద్ధమమ్మా" అని ఒక్కసారైనా అంటే నమ్మేదాన్ని. అనలేదు.

చివరి రోజున, ఊపిరి అందని మనిషి నా చెయ్యి పట్టుకుని ఏమడిగిందో తెలుసా? ప్రార్థన కాదు, పాస్టరు గారిని పిలవమనీ కాదు. "ఆ గౌను ఒకసారి తీసి నా పక్కన పరచవే లవ్‌డే" అంది. చచ్చేటప్పుడు కూడా దాని మీదే ధ్యాస. నాకు ఒళ్ళంతా కంపరమెత్తింది. "ఆ రోత నేను ముట్టను" అని గది బయటికి వచ్చేశాను. తిరిగి వెళ్ళేసరికి పోయింది. నాన్న సమాధి రాయి మీద సగం చోటు ఆమెకోసం వదిలారు. అది ఖాళీగానే ఉంచాను. మీ నాన్న అందుకే నాతో రెండేళ్ళు మాట్లాడలేదు.

ఇప్పుడు తెలిసిందిగా. వెళ్ళి వాళ్ళకి ఇది కూడా చెప్పు.

లవ్‌డే


లండన్
19 ఏప్రిల్ 1978

అత్తయ్యా,

నేను చెప్పలేదు. నాకు తెలిస్తేగా చెప్పడానికి. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకునే రకం కాదు నేను, నీకు తెలుసు. రచయిత పాత పత్రికల్లోంచి కోర్టు కేసంతా తవ్వి తీశాడు, పేరు అందులోనే ఉంది. నీ ఉత్తరం వచ్చిన రోజే ఆరో భాగం కాగితాలు అడిగి తెచ్చుకుని చదివాను. అందులో నాయనమ్మ పెట్టెలు దోచుకునే, పెదాలకు రంగు పూసుకునే, మాటకి ముందు నవ్వే ఒక కంత్రీ పిల్ల. దొరసాని పాపం ఏమీ ఎరగదు.

ఫారంట్ దగ్గరికి వెళ్ళాను. ఆమె మా నాయనమ్మ, పేరైనా మార్చండి అన్నాను. వాడు శాండ్‌విచ్ నములుతూ, "చచ్చిపోయిందిగా బంగారం, దావా వెయ్యదుగా" అన్నాడు. తర్వాత గుడ్డు ముక్క పళ్ళలోంచి తీసుకుంటూ, "ఊళ్ళో మీ అత్తకి గర్వంగా ఉండాలి" అన్నాడు. ఉద్యోగం మానేద్దామని గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి వచ్చాను. నేను పోతే ఆ గౌను ఇంకెవరి చేతిలో పడుతుందో తెలియదు.

నీకు కోపం వచ్చినా సరే ఒకటి అడగాలి. తప్పించుకోకుండా జవాబు రాయి. నాయనమ్మ ఎత్తెంత?

టామ్సిన్


పోల్‌వెన్నా
24 ఏప్రిల్ 1978

టామ్సిన్,

నువ్వు చెప్పలేదంటే నమ్ముతాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. కానీ ఎత్తెంత అని అడగడానికి నీకు నోరెలా వచ్చింది? ఆ కంత్రీ పిల్ల వేషం అచ్చం మా అమ్మలా రావాలనా? ముక్కు కొలత కూడా పంపనా?

నా బతుకులో మరిచిపోదామన్నా మరుపుకి రాని కొలత అదొక్కటే కాబట్టి రాస్తున్నాను. నాలుగడుగుల పది అంగుళాలు. శవపేటిక చేసిన హాకింగ్ కొలత కాగితం చూసి, "పిల్లకా అమ్మా?" అని అడిగాడు. దీపం వెలిగించడానికి పాలు పితికే పీట ఎక్కేది. మందిరంలో పై అరలో పాటల పుస్తకం మా నాన్నే అందించేవాడు. చిన్నప్పటి నుంచీ అంతే, పన్నెండో ఏట మశూచి వచ్చాక ఎదగలేదట.

ఇదీ నీ కొలత. పండగ చేసుకో. ఇక ఈ విషయం మీద నాకు రాయకు. ఇక్కడ అప్పుడే దుకాణాల్లో ఆ ఆడదాని ముఖం అచ్చేసిన గిన్నెలు తుడిచే గుడ్డలు అమ్మకానికి పెట్టారు. ఆ ముఖంతో జిడ్డు తుడుస్తారట. అదొక్కటి మాత్రం నాకు నచ్చింది.

లవ్‌డే


లండన్
3 మే 1978

అత్తయ్యా,

రాయకు అన్నావు. రాస్తున్నాను. ఇది చివరిదాకా చదివి ఆ తర్వాత పొయ్యిలో వేసుకో.

నాయనమ్మ వేషం వేసే అమ్మాయి పేరు ఐవీ. పొట్టి పిల్ల. పోయిన నెల ఆకుపచ్చ గౌను నకలు ఆమెకి తొడిగితే, అంచు నేల మీద జానెడు కుప్ప పడింది. నాలుగడుగులు నడిచి ముందుకి తూలింది. "పైకి మడిచి కుట్టు" అన్నారు. కుట్టడానికి సూది తీసుకున్నాను. ఆనాటి కుట్టుపనివాళ్ళు పొట్టిమనిషికి ఎలా మడిచారో చూద్దామని అసలు గౌను బల్ల మీద బోర్లా పరిచి, అంచు తిరగేసి, భూతద్దం పెట్టాను.

మడవలేదు అత్తయ్యా. ఎప్పుడూ మడవలేదు.

పట్టు మీద సూది పడితే ఆ చిల్లు మాయదు. నూలు అయితే ఉతికితే మూసుకుపోతుంది, పట్టు మూసుకోదు. కుట్టు విప్పేసినా, వందేళ్ళైనా చిల్లుల వరస కనిపిస్తుంది. నా పదిహేనేళ్ళ పని మీద ఒట్టేసి చెబుతాను, ఈ గౌను అంచుకి ఒకటే వరస ఉంది, మొదట కుట్టినది. నడుం దగ్గర ఒకటే వరస. భుజం దగ్గర ఒకటే. అది ఐదడుగుల తొమ్మిది అంగుళాల ఆడదానికి కుట్టిన గౌను, ఆమె తప్ప ఇంకెవరూ వేసుకోలేదు. అంచు కింద నేల రాపిడికి కుట్టిన ఊలు పట్టీ చుట్టూ సమంగా అరిగింది. పొట్టిమనిషి ఒక్క సాయంత్రం వేసుకుని హోటల్ మెట్లెక్కినా అది తొక్కుడుపడి చిరిగిపోవాలి. ఒక్క పోగు తెగలేదు.

కోర్టు కాగితాలు మళ్ళీ చదివాను. ఆ హోటల్ నౌకర్ని "ఆమె పొడవా, పొట్టా?" అని అడిగితే, "గౌను చూశానండీ, మనిషిని చూడలేదు" అన్నాడట. ఆ కోర్టు గదిలో ఇంతమంది పెద్దమనుషులుండి, ఆ గౌను తెచ్చి మా నాయనమ్మ పక్కన పట్టి చూడాలని ఒక్కడికీ తట్టలేదు. వాళ్ళలో ఒక్కడు కూడా ఎప్పుడూ అంచు కుట్టలేదు.

ఆమె వెళ్ళలేదు అత్తయ్యా. ఎందుకు చెప్పిందో నాకు తెలియదు. కానీ వెళ్ళింది ఆమె కాదు.

ఐవీ గౌను మడిచి కుట్టమన్నారు కదా. కుట్టాను. చిత్రీకరణ రోజు పొద్దున ఆ కుట్టు విప్పేస్తాను. దేశమంతా చూడనీ, ఆ గౌను ఆమెకి పట్టదని.

టామ్సిన్


లండన్
20 జూన్ 1978

అత్తయ్యా,

ఆరు వారాలైంది, నీ దగ్గర్నుంచి ఒక్క ముక్క లేదు. నాన్సీ పాస్కోకి ఫోన్ చేస్తే, బతికే ఉన్నావు, కోళ్ళని తిడుతున్నావని చెప్పింది. సంతోషం.

అనుకున్నట్టే కుట్టు విప్పాను. ఐవీ హోటల్ మెట్ల మీద గౌను తొక్కుకుని బోర్లా పడింది. ఇప్పుడైనా ఎవరైనా అడుగుతారనుకున్నాను, ఇంత పొట్టిది ఈ గౌనులో ఎలా వెళ్ళిందని. అంతలో ఫారంట్ పగలబడి నవ్వాడు. "అద్భుతం, దొంగ సింగారం దొంగనే పడేసింది, ఉంచండి" అన్నాడు. మళ్ళీ మూడుసార్లు పడేశారు. ఐవీ మోచేతులు చెక్కుకుపోయాయి. సాయంత్రం వాడు నా భుజం తట్టి, ఇలాంటి చమత్కారాలు తట్టే మనిషి కావాలట, వచ్చే నాటకానికి దుస్తుల విభాగం పెద్దగా నన్నే పెడతానన్నాడు.

ఇంటికొచ్చి వాంతి చేసుకున్నాను. నిజంగానే.

నేను మేలు చెయ్యబోయి ఆమెను ఇంకోసారి నవ్వులపాలు చేశాను. నన్ను క్షమించు. ఆరో భాగం అక్టోబర్ 22న వస్తుంది. నువ్వు చూడకు.

టామ్సిన్


పోల్‌వెన్నా
23 అక్టోబర్ 1978

అమ్మా టామ్సిన్,

చూశాను. ముందు అది కాదు, ముందు ఆలస్యానికి సంజాయిషీ చెప్పుకోవాలి.

నీ మే నెల ఉత్తరం చదివి నీ మీదే మండిపడ్డాను. ముసలిదాని నోరు మూయించడానికి పట్టు కబుర్లు చెబుతోంది అనుకున్నాను. అసహ్యం పాత కోటు లాంటిది, ఎన్ని చిరుగులున్నా విప్పబుద్ధి కాదు. నలభై రోజులు కోళ్ళనీ, పాస్టరు గారినీ, నాన్సీనీ తిట్టాను. నీ రెండో ఉత్తరం వచ్చాక, ఆమె మెట్ల మీద పడిందని చదివాక, అల్మరా పైనుంచి ఇంటి పత్రం దించాను. తాత నీతికి బహుమానంగా వచ్చిందని నేను అందరికీ చెప్పుకున్న పత్రం. ఎప్పుడూ తారీఖు చూడలేదు. ఎందుకు చూస్తాను, ఇల్లు మాదేగా.

1885 జులై 14. కేసు కొట్టేసిన ఏడో రోజు.

ఇచ్చినాయన దొరసాని తండ్రి. అప్పటిదాకా తాత ఆ ఇంట్లో వాళ్ళ దయ మీద ఉన్నాడు, ఎప్పుడు పొమ్మంటే అప్పుడు పోవాలి. ఇంట్లో ఆరుగురు పిల్లలు, మంచాన పడ్డ అమ్మమ్మ. ఇరవై ఒక్క ఏళ్ళదాన్ని పిలిచి ఏమని ఉంటారో నువ్వే ఊహించుకో. బైబిల్ మీద అబద్ధం చెప్పింది కాబట్టి నిజం చెబితే జైలు, దానితోపాటు ఈ ఇల్లూ పోతుంది. అందుకే నేను గడ్డి పరకలు దులుపుకుంటూ వచ్చి ఏడిచినప్పుడు ఆమె నోరు విప్పలేదు. ఏ కప్పు కింద నిలబడి ఆమెను ఈసడించుకున్నానో, ఆ కప్పు ఆమె పేరు అమ్మి కొన్నది. ఎనభై ఏళ్ళు ఇందులో పడుకున్నాను, టామ్సిన్. ఆ దొరసానిని చూసి నాకు కలిగిన రోత అంతా కలిపినా, ఆ రోజు అద్దంలో నన్ను చూసుకుంటే కలిగినదానికి సరిపోలేదు.

నిన్న రాత్రి నాన్సీ ఇంటికి వెళ్ళాను. వాళ్ళది రంగుల టీవీ కదా, ఆరు వారాలుగా వీధి వీధంతా అక్కడే. నేను గుమ్మంలో కనబడితే, "అదుగో, లవ్‌డే కూడా పాపంలో పడింది" అని ఎవరో అన్నారు. కుర్చీ ఇచ్చారు. బిస్కట్లు ఇచ్చారు. ఆ దొరసాని ఏడుస్తుంటే ముక్కులు చీదారు. ఐవీ వచ్చింది. మా అమ్మ పేరు పెట్టి పిలిచారు. గౌను చూశాను, నువ్వు విప్పిన అంచు నేల మీద ఈడుస్తూ ఉంది. ఆ పిల్ల మెట్టు ఎక్కింది, తొక్కుకుంది, పడింది. గదంతా నవ్వింది. ఈ ఊళ్ళో తమవాళ్ళ సమాధులకి మా అమ్మ కట్టిచ్చిన పూలు తీసుకున్నవాళ్ళు, మా అమ్మ చేతి రొట్టె తిన్నవాళ్ళు, కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వారు.

నేను లేచి నిలబడ్డాను. "ఆ గౌను ఆమెకి పట్టదు. చూడండి, ఆమెకి పట్టదు" అన్నాను.

నాన్సీ వెనకనుంచి నా కార్డిగన్ లాగి, "కూర్చో లవ్‌డే, తెర కనబడటం లేదు" అంది.

ఇంటికొచ్చేశాను. నిద్ర పట్టలేదు, పట్టాలనీ అనుకోలేదు. ఈ పొద్దున తెల్లారగానే హాకింగ్ మనవడి కొట్టుకి వెళ్ళాను. వాడిప్పుడు సమాధి రాళ్ళు చెక్కుతాడు. నాన్న రాయి మీద ఖాళీ చోట అమ్మ పేరు కావాలన్నాను.

"ఇన్నేళ్ళకా మిస్ లవ్‌డే? సరే, పేరు, పుట్టిన ఏడు, పోయిన ఏడు. కింద ఏదైనా బైబిల్ వచనం?"

"వచనం వద్దు. ఎత్తు చెక్కు. నాలుగడుగుల పది అంగుళాలు."

వాడు పెన్సిల్ కింద పెట్టాడు. "రాయి మీద ఎత్తు ఎవరూ చెక్కించుకోరండీ. పాస్టరు గారు ఒప్పుకోరు."

"ఆమె దేవుడి పుస్తకం మీద చెయ్యేసి ఒక అబద్ధ సాక్ష్యం చెప్పింది నాయనా. దేవుడి స్థలంలో ఒక నిజ సాక్ష్యం ఉండనీ. పాస్టరు గారు నాతో మాట్లాడుకుంటారు."

వాడికి అర్థం కాలేదు. ఈ ఊళ్ళో ఎవరికీ అర్థం కాదు. చదివిన ప్రతివాడూ "ఇదేం పిచ్చి" అని ఆగుతాడు, అది చాలు. గౌను చూసి మనిషిని చూడని వాళ్ళు ఒక్క నిమిషం ఆగి ఆమె ఎంత మనిషో చదువుతారు.

ఇక గౌను సంగతి. తిరిగి పంపకు అన్నాను. ఆ మాట మీద నిలబడతాను, పంపకు. నువ్వే తీసుకురా. రాయి మూడు వారాల్లో సిద్ధమవుతుందట. ఆ ఫారంట్ కొలువు ఉంటే ఉంది, పోతే పోయింది, నీ గది ఊడ్చి పెట్టాను, బన్నులకి పిండి కలుపుతాను.

మా అమ్మ కట్టిన ముడి విప్పానని బాధపడకు. అది విప్పమనే కట్టింది. యాభై నాలుగేళ్ళు అమ్మకుండా, కోయకుండా, ఒంటి మీద వేసుకోకుండా దాచింది ఎందుకో, ఆ రోజు ఊపిరి అందక ఎందుకు అడిగిందో ఇన్నేళ్ళకి తెలిసింది. మాట చెప్పడానికి నోరు లేదు కాబట్టి కొలత చూపించాలనుకుంది. మంచం మీద పరిస్తే ఆ గౌను ఆమె పాదాలు దాటి జానెడు వేలాడేది. ఒక్క చూపులో తెలిసిపోయేది. నేను గది బయటికి వెళ్ళిపోయాను.

వానాకాలం, గడ్డి తడిగా ఉంటుంది, పట్టు పాడవుతుందని నువ్వంటావు. పాడవనీ. నువ్వొక అంచు పట్టుకో, నేనొక అంచు పట్టుకుంటాను. నలభై ఏళ్ళ కిందట అడిగింది, ఇప్పుడైనా తీసి ఆమె పక్కన పరుద్దాం.

లవ్‌డే అత్త